పొద పిగిలి, కొండ పిగిలి: చూపుకు తేడా ఎంత, రెడ్ లిస్టులో తేడా ఎందుకు?

పాకాల పాలపిట్ట | శనివారం, రాత్రి 9:10

చంద్రగిరికీ పాకాలకూ మధ్య ఒక బండగుట్ట చెక్‌లిస్టు (ఏ పిట్టలు ఎన్ని చూశామన్న లెక్క) ఈబర్డ్ అనే వెబ్‌సైటులో ఎక్కించాం. పొద పిగిలి 11, కొండ పిగిలి 4. రివ్యూ చేసేవాళ్లు కొండ పిగిలి నాలుగింటికీ వివరాలు అడిగారు. పొద పిగిలి పదకొండింటి ఊసే ఎత్తలేదు.

కొత్తవాళ్ల కోసం పేర్లు: పొద పిగిలి అంటే తెల్ల కనుబొమ్మ బుల్బుల్, పిక్నోనోటస్ లూటియోలస్. కొండ పిగిలి అంటే పసుపు గొంతు బుల్బుల్, పిక్నోనోటస్ జాంథోలీమస్.

ఫొటోలు రెండే ఉన్నాయి, రెండూ పొద్దు పొడిచిన పది నిమిషాల్లో తీసినవి. ఆ ఎండలో అన్ని పిట్టల గొంతులూ పసుపే. రివ్యూకు పనికొచ్చేలా వివరం ఎట్లా రాయాలి? ఇంకోటి: రెండూ పక్కపక్క పొదల్లోనే దొరుకుతుంటే రెడ్ లిస్టులో (ఏ జాతికి ఎంత ముప్పో చెప్పే ప్రపంచ జాబితా) కొండ పిగిలి వల్నరబుల్ (ముప్పున్నది), పొద పిగిలి లీస్ట్ కన్సర్న్ (ముప్పు తక్కువ) ఎట్లా అయ్యాయి?

మామండూరు మైనా | శనివారం, రాత్రి 9:48

ముందు గొంతును మర్చిపోండి. పేరులో గొంతు ఉంది కదా అని అందరూ అక్కడే చూస్తారు, అక్కడే తప్పు చేస్తారు. ముఖం చూడండి.

పొద పిగిలికి కంటి పైన తెల్లటి గీత, కంటి కింద తెల్లటి చంద్రవంక, మధ్యలో కన్ను మీదుగా నల్లని చార. అంటే ముఖం మీద గీతలుంటాయి. కొండ పిగిలి ముఖం మీద గీత అనేదే ఉండదు. తలంతా పసుపు కలిసిన ఆకుపచ్చ, అందులో నల్లపూసలాంటి కన్ను ఒక్కటే. గొంతు మీద పసుపు ముఖంలోకి పాకినట్టుంటుంది.

తర్వాత రొమ్ము. కొండ పిగిలి గొంతు పసుపు ఒక్కసారిగా ఆగిపోయి కింద బూడిదరంగు మొదలవుతుంది. ఆ హద్దు దూరం నుంచి కూడా తెలుస్తుంది. పొద పిగిలికి గొంతు నుంచి పొట్ట దాకా మాసిన తెలుపే, హద్దు ఉండదు.

మూడోది తోక. కొండ పిగిలి తోక ఈకల కొసలు లేతగా, పసుపు కలిసిన తెలుపులో ఉంటాయి. ఎగిరి వాలేటప్పుడు తోక విప్పుతుందే, ఆ అర క్షణంలో చూడాలి. పొద పిగిలి తోక కొస దాకా ఒకే రంగు.

పరిమాణం మీద ఆధారపడొద్దు. రెండూ 20 సెంటీమీటర్ల పిట్టలే.

నగరి నీలి | శనివారం, రాత్రి 10:05

అక్కా, తోక కింద పసుపు ఉండాది కదా, దాంతో చెప్పలేమా? మా గ్రూపులో అందరూ అదే చూసి రాస్తా ఉండారు.

మామండూరు మైనా | శనివారం, రాత్రి 10:11

చెప్పలేం నీలీ. తోక కింద పసుపు రెండింటికీ ఉంటుంది. కొండ పిగిలిది కాస్త నిండు పసుపు, పొద పిగిలిది వెలిసినట్టుంటుంది, అంతే. పక్కపక్కన కూర్చుంటే తప్ప ఆ తేడా పనికిరాదు. దాంతో తేలేది ఒకటే: అక్కడ ఎరుపు లేదు కాబట్టి మన ఇళ్ల దగ్గర తిరిగే మామూలు పిగిలిపిట్ట కాదని.

హార్స్‌లీ మబ్బు | ఆదివారం, ఉదయం 6:20

అరుపు గురించి ఒక మాట. పొద పిగిలి పాట గొంతులో నీళ్లు పోసుకుని గబగబా మాట్లాడినట్టుంటుంది. మొదట తడబడుతుంది, తర్వాత ఒక్కసారిగా గట్టిగా పేలి ఆగిపోతుంది. పొద లోపల దాక్కునే పిట్టే, పాడడానికి మాత్రం పొద కొసకొచ్చి మళ్లీ లోపలికి దూరుతుంది. అందుకే పదిసార్లు వింటే రెండుసార్లు కనబడుతుంది.

కొండ పిగిలి అరుపులు కొన్ని దీనికి దగ్గరగా ఉంటాయి. ఫోన్‌లో మెర్లిన్ (అరుపు విని పిట్ట పేరు చూపే యాప్) పెట్టుకుని అది చూపిన పేరు అలాగే ఎక్కించేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మెర్లిన్ పేరు చూపితే అటు తిరిగి బైనాక్యులర్ పెట్టండి, ముఖం కనబడితేనే రాయండి. ఆ రికార్డింగును చెక్‌లిస్టుకు జత చేయండి. అరుపు మొదలయ్యాక మధ్యలో మాట్లాడకుండా కనీసం 30 సెకన్లు ఉంటే వినేవాళ్లకు పనికొస్తుంది. ఫోన్ మైకు గాలికి ఎదురుగా పెట్టొద్దు. కొండ మీద గాలి చప్పుడు కింది స్థాయి స్వరాలన్నీ మింగేస్తుంది.

రికార్డింగు మళ్లీ వినిపించి పిట్టను బయటికి రప్పించే పని మాత్రం వద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా అసలే వద్దు, అవి కొండ పిగిలి గూడు కట్టే రోజులు.

పీలేరు పిచ్చుక | ఆదివారం, ఉదయం 8:02

గుర్తింపు సరే. నాకు మింగుడుపడనిది స్థాయి గురించి. హార్స్‌లీ హిల్స్ మీద పొద్దున్నే ఒక గంట తిరిగితే కొండ పిగిలి తగలకుండా ఉండదు. మన పాత చిత్తూరు జిల్లాలో బండలూ పొదలూ ఉన్న ఏ కొండ ఎక్కినా వెతికితే దొరుకుతుంది. ఇంత సులువుగా దొరికే పిట్ట వల్నరబుల్ అయితే ఆ జాబితాకు అర్థమేముంది?

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 9:15

పిచ్చుక గారూ, మనకు సులువుగా దొరకడానికి కారణం మనం దాని ఇంట్లో కూర్చుని ఉండడమే. దక్షిణ ఆంధ్ర, కర్ణాటక తూర్పు వైపు, తమిళనాడు కొండలు, కేరళలో చిన్నార్ లాంటి కొన్ని చోట్లు: ప్రపంచం మొత్తం మీద దాని ఉనికి ఇంతే. నంది కొండలు, రామనగర, దేవరాయనదుర్గ, ఏలగిరి, హార్స్‌లీ అని చుక్కలు పెడుతూ పోతే అది ఒక పటంలా ఉండదు, చుక్కల ముగ్గులా ఉంటుంది. కలిపే గీతలు లేని ముగ్గు. పొద పిగిలిదీ దక్షిణ భారతమే, శ్రీలంకలోనూ ఉంది, కానీ దానిది పరిచిన దుప్పటి. చేను గట్టు, తోట కంచె, ఊరి బయట తుప్పలు అన్నీ దానికి ఇల్లే.

ఇక రెడ్ లిస్టు లెక్క. ఆ జాబితా వేసే ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ దగ్గర ఎ నుంచి ఇ దాకా ఐదు ప్రమాణాలున్నాయి. పక్షుల అంచనా వేసేది బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్. వల్నరబుల్ కావడానికి ఐదింట్లో ఒక్కటి తగిలినా చాలు:

ఎ: పదేళ్లలో, లేదా మూడు తరాల్లో (ఏది ఎక్కువైతే అది) సంఖ్య 30 శాతం పడిపోవడం.
బి: విస్తరించిన ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్ల లోపు ఉండి, ముక్కలై, తగ్గుతూ ఉండడం.
సి: జతకట్టే వయసు పిట్టలు 10,000 లోపు ఉండి, తగ్గుతూ ఉండడం.
డి: తగ్గినా తగ్గకున్నా 1,000 లోపే ఉండడం.
ఇ: వందేళ్లలో అంతరించే అవకాశం కనీసం 10 శాతమని లెక్క కట్టి చూపడం.

కొండ పిగిలి వచ్చింది సి కింద. అందులోనూ ఉపప్రమాణం ముఖ్యం: ఏ ఒక్క గుంపులోనూ వెయ్యికి మించి జతకట్టే వయసు పిట్టలు లేకపోవడం. అంటే ఒక కొండ మీద పిట్టలు పోతే పక్క కొండ నుంచి వచ్చి నింపుతాయన్న భరోసా తక్కువ. మీకు హార్స్‌లీ మీద గంటలో నాలుగు కనబడడానికీ దీనికీ వైరం లేదు. సాంద్రత వేరు, మొత్తం వేరు. డబ్బాలో కందిపప్పు నిండుగా ఉంది, ఇంట్లో ఉన్నది ఆ ఒక్క డబ్బానే.

పీలేరు పిచ్చుక | ఆదివారం, ఉదయం 9:40

కందిపప్పు దాకా అర్థమైంది మాస్టారూ. కానీ పొద పిగిలి తగ్గడం లేదని ఎవరు చూశారు? కంచెలు పోయి ఫెన్సింగు రాళ్లు వస్తున్నాయి, తుప్పలు చదును చేసి ప్లాట్లు వేస్తున్నారు.

లెక్కల మాస్టారు | ఆదివారం, ఉదయం 10:02

మంచి మాట. లీస్ట్ కన్సర్న్ అంటే బాగుందని కాదు, ప్రపంచ స్థాయిలో పై గీతలు ఏవీ దాటలేదని మాత్రమే. దానికి తోడు మన దేశానికి వేరే లెక్క ఉంది. స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023 నివేదిక ఈబర్డ్ చెక్‌లిస్టుల ఆధారంగా 942 జాతులను చూసి 178 జాతులను హై ప్రయారిటీలో పెట్టింది. అందులో రెడ్ లిస్టు ప్రకారం లీస్ట్ కన్సర్న్ అయినవీ ఉన్నాయి. మన పాలపిట్టనే చూడండి, పొలాల్లో తగ్గిపోతోందని ఆ నివేదికే గట్టిగా చెప్పింది. కాబట్టి పొద పిగిలిని లెక్కపెట్టడం మానొద్దు. మామూలు పిట్టే కదా అని అంకె బదులు ఎక్స్ (ఉంది, ఎన్నో లెక్కపెట్టలేదు అని) పెట్టి వదిలేస్తే, పదేళ్ల తర్వాత తగ్గిందని చెప్పడానికి కూడా మన దగ్గర ఏమీ ఉండదు.

బండరాయి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

పిట్టల మీద ఇంత చర్చ జరుగుతోంది, రాయి గురించి ఎవరూ మాట్లాడరేం? కొండ పిగిలిని పొద పిగిలి నుంచి విడదీసేది రాయే.

మన దగ్గర రెండు రకాల కొండలు. శేషాచలం, నగరి వైపు పైన క్వార్ట్‌జైట్, పలకలు పలకలుగా నిలువు గోడల్లా విరుగుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు అంచున కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ కలిసే గీత కనబడుతుంది. రెండింటి మధ్య వయసు తేడా సుమారు 80 కోట్ల ఏళ్లని జియాలజిస్టులు చెబుతారు, దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు కూడా. (చూడ్డానికి ఘాట్ రోడ్డులో బండి ఆపకండి, ఆపనివ్వరు.) మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు మాత్రం గ్రానైట్ గుండ్లు, గుండు మీద గుండు పేర్చినట్టు. 1,265 మీటర్ల హార్స్‌లీ, మనవాళ్ల ఏనుగు మల్లమ్మ కొండ, ఆ రకమే.

రాయి ఏదైనా పిట్టకు కావలసింది సందు. గుండ్ల సందుల్లో వాన నీరు నిలిచి, మట్టి చేరి, అక్కడ కొండరావి, జువ్వి, బలుసు, కలివి, పరికి మొలుస్తాయి. ఎండాకాలం కొండంతా మాడిపోయినా ఆ సందులో నీడ, పండు, పురుగు ఉంటాయి. కొండ పిగిలి బతికేది ఆ సందు మీద. చదును నేల మీద అవే చెట్లు పెంచినా పొద పిగిలి వస్తుంది గానీ ఇది రాదు.

క్వారీ దెబ్బ కూడా అక్కడే. బ్లాస్టింగు చప్పుడు గురించే అందరూ చెబుతారు. చప్పుడు ఆగుతుంది. ఆగనిది వేస్టు. ఒక బ్లాకు చతురస్రంగా తీయాలంటే దాని చుట్టూ పగిలిన, చార ఉన్న రాయి ఎంతో పక్కకు పోతుంది. దాన్ని లారీలో దూరం తీసుకెళ్లడానికి డబ్బు ఖర్చు, అందుకని పక్కనే ఉన్న లోయలోకి తోస్తారు. ఆ లోయే చెట్లున్న సందు. గుట్టలో పదో వంతు కోసినా, పిట్ట బతికే చోటు సగం పూడిపోవచ్చు. కుప్పం గ్రీన్ అనీ చిత్తూరు నల్లరాయి అనీ మన రాయికి బయట పేరుంది, పేరున్న రాయి ఉన్న గుట్టకే ఆయుష్షు తక్కువ.

నగరి నీలి | ఆదివారం, మధ్యాహ్నం 1:05

మరి చట్టం లేదా అన్నా? వల్నరబుల్ అని రాసినంక గుట్టను ముట్టుకోకూడదు కదా?

గెజిట్ గోరింక | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నీలీ, ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి. ఐయూసీఎన్ రెడ్ లిస్టు చట్టం కాదు, అంచనా. మన దగ్గర చట్టం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో షెడ్యూళ్లు (జాతులను పెట్టే జాబితాలు) వేరే తర్కంతో వేశారు. పాత చట్టంలో బుల్బుల్ కుటుంబాన్ని మొత్తంగా షెడ్యూల్ 4లో పెట్టారు, కొండ పిగిలీ పొద పిగిలీ తేడా లేకుండా. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది, షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగయ్యాయి. పాత పోస్టర్లలో షెడ్యూల్ 4 అని ఉన్నవి ఇప్పుడు చెల్లవు. కొత్త షెడ్యూల్ 4 అంటే అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించిన సైటిస్ జాబితా. బోర్డులు, కరపత్రాలు వేసేవాళ్లు సరిచూసుకోండి.

పట్టడం, పంజరంలో పెట్టడం రెండు పిట్టలకూ నేరమే. గుడ్లు పాడుచేయడం, గూడు కదిలించడం కూడా చట్టంలో వేట నిర్వచనం కిందికే వస్తాయి, చాలామందికి ఇది తెలియదు. మామూలు ఉల్లంఘనకు జరిమానా గరిష్ఠ పరిమితి 25,000 నుంచి లక్ష రూపాయలకు పెరిగింది.

కానీ ఇదంతా పిట్టకు రక్షణ. పిట్ట ఉన్న చోటుకు రక్షణ కావాలంటే ఆ నేల రిజర్వు ఫారెస్టో, శాంక్చురీయో, నేషనల్ పార్కో అయి ఉండాలి. శేషాచలంలో ఆ బలం ఉంది, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, 2010లో ప్రకటించిన బయోస్ఫియర్ రిజర్వు ఉన్నాయి. పాలపిట్ట గారి గుట్టలాంటివి రెవెన్యూ రికార్డుల్లో కొండ పోరంబోకు. అక్కడ చెట్టు కొట్టినవాడికీ, రాయి కోసినవాడికీ అటవీశాఖ చట్టం నేరుగా అడ్డు రాదు.

బండరాయి | ఆదివారం, మధ్యాహ్నం 2:41

అక్కడ పట్టుకోవలసింది పర్యావరణ అనుమతిని. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకూ ఆ అనుమతి కావాలి. దరఖాస్తు పత్రాలు పరివేశ్ అనే ప్రభుత్వ అనుమతుల పోర్టల్‌లో పెడతారు. అందులో జంతుజాలం పేజీ తెరిచి చూడండి. కాకి, మైనా, పిచ్చుక, "బుల్బుల్". ఏ బుల్బులో ఉండదు. పది రిపోర్టుల్లో ఆ ఒక్క పదమే ఉంటుంది. మీ దగ్గర ఆ గుట్ట మీదే తేదీ, అక్షాంశ రేఖాంశాలు, ఫొటోతో పది చెక్‌లిస్టులు ఉంటే, "ఇక్కడ పసుపు గొంతు బుల్బుల్ ఉంది, వ్యర్థం పోయబోతున్న లోయలోనే ఉంది" అని ఒక పేజీ అభ్యంతరం రాయొచ్చు. కొండంతా కాపాడండి అని రాస్తే ఎవరూ చదవరు. ఫలానా లోయ, ఫలానా వైపు అని పటంతో రాస్తే జవాబు చెప్పక తప్పదు.

గెజిట్ గోరింక | ఆదివారం, మధ్యాహ్నం 2:55

ఒప్పుకుంటాను. కాకపోతే ఆ చెక్‌లిస్టులు దరఖాస్తు రాకముందటివై ఉండాలి. నోటీసు పడ్డాక వారంలో వేసినవైతే అవతలివాళ్ల మొదటి ప్రశ్న దాని గురించే.

పాకాల పాలపిట్ట | ఆదివారం, సాయంత్రం 5:30

మా గుట్టకు ఇంకా క్వారీ రాలేదు. ఇప్పుడున్న బాధ రెండు: మాఘం నుంచి చైత్రం దాకా గడ్డి తగలబెట్టడం, పడమటి వైపు అంతా లంటానా అనే ముళ్లపొద. లంటానా పీకేద్దామని ఊళ్లో కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు. పీకొచ్చా?

మామండూరు మైనా | ఆదివారం, సాయంత్రం 6:04

తొందరపడొద్దు. రెండు పిగిలిలూ లంటానా పండు తింటాయి. ఒకే ఏడాది మొత్తం తీసేస్తే పండూ పోతుంది, దాక్కునే చోటూ పోతుంది. పొద పిగిలి కిందికి దిగి చేల గట్లలో సర్దుకుంటుంది. కొండ పిగిలికి దిగే అలవాటు లేదు.

తలకోన తుమ్మెద | ఆదివారం, సాయంత్రం 6:20

అక్కా, దీనితో ఏకీభవించలేను. లంటానా పండు ఇస్తుందన్నది నిజమే, కానీ దాని కింద బలుసు మొలవదు, కలివి మొలవదు. ఎండితే నిప్పుకు అదే మొదటి మెట్టు. గడ్డిమంట మోకాలెత్తున పోతుంది, లంటానా ఎక్కితే చెట్టు కొమ్మ అందుకుంటుంది. గుండ్ల సందులో కొండరావి కాలిపోతే మళ్లీ ఆ లావు రావడానికి ఒక తరం పడుతుంది. ఉంచడం పిట్టకు మేలు అనుకోవడం పొరపాటు.

మామండూరు మైనా | ఆదివారం, సాయంత్రం 6:33

ఉంచమనలేదు తుమ్మెదా, ఒకేసారి తీయొద్దన్నాను. ఏడాదికి నాలుగో వంతు. గుండ్ల సందులకు ఆనుకున్నది ముందు, ఎందుకంటే నువ్వు చెప్పిన నిప్పు సంగతి అక్కడే నిజం. విడిగా బయలులో ఉన్నది చివర. తీసిన చోట బలుసు, పరికి కాపుకు వచ్చేదాకా తర్వాతి వంతు ముట్టుకోకూడదు.

తలకోన తుమ్మెద | ఆదివారం, సాయంత్రం 7:10

అట్లయితే సరే. తీసే పద్ధతి రాస్తున్నా, ఎందుకంటే పదిమందిలో తొమ్మిదిమంది కొడవలితో నరికి వస్తారు. నరికితే మొదలు నుంచి నాలుగు కొమ్మలు అదనంగా వస్తాయి, వచ్చే ఏడు రెట్టింపు పొద. జేసీబీతో లాగితే మట్టి తిరగబడి కిందున్న విత్తనాలన్నీ మొలుస్తాయి.

పలుగు లేదా చిన్న గొడ్డలి తీసుకుని మొదలు చుట్టూ మట్టి తీయండి. తల్లివేరును నేలమట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద కొట్టండి. చిగుళ్లు వచ్చే భాగం వేరు మొదట్లోనే ఉంటుంది, దాని కింద తెగితే మళ్లీ లేవదు. పొదను ఎత్తి తలకిందులుగా, వేళ్లు ఆకాశం వైపు ఉండేలా పెట్టండి. నేలకు తగిలితే కొమ్మలు కూడా వేళ్లు వేస్తాయి. పండు పండకముందే చేయాలి, లేకపోతే మోసుకెళ్లే దారి పొడవునా విత్తనం రాలుతుంది. చేతులకు తోలు గ్లోవ్స్, ముల్లు గీరుకుంటే మంట రెండు రోజులుంటుంది. ఇద్దరు మనుషులుండాలి: ఒకరు కొమ్మలు పక్కకు నొక్కి పట్టుకోవాలి, ఒకరు కొట్టాలి. ఒక్కడివే దిగితే ముల్లు ముఖానికి వస్తుంది.

మొదటి వానల తర్వాత మళ్లీ వెళ్లాలి. పిట్టలు వాలే చెట్ల కింద, బండల అంచుల్లో మొలకలు వస్తాయి, వేలెడు ఉండగా చేత్తోనే ఊడతాయి. రెండు మూడేళ్లు ఈ రెండో పని చేయకపోతే మొదటి పని దండగ.

గెజిట్ గోరింక | ఆదివారం, రాత్రి 7:25

రిజర్వు ఫారెస్టు హద్దులోపల అయితే రేంజ్ ఆఫీసు నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క పొద కూడా తీయకండి. మంచి పనే అయినా కేసు కేసే. పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం, తహసీల్దారుకు కాపీ.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 8:15

ఏ పని మొదలుపెట్టినా దానికి ముందూ తర్వాతా లెక్క ఉండాలి, లేకపోతే మేలు జరిగిందో కీడు జరిగిందో తెలియదు. పాలపిట్ట గారూ, మీ చెక్‌లిస్టులో ఒక లోపం చెబుతాను, ఏమీ అనుకోకండి. గుట్ట కింద చేలూ, పైన బండలూ కలిపి ఒకే లిస్టు వేశారు, 3.4 కిలోమీటర్లు. అందులో 11, 4 అని అంకెలున్నాయి గానీ ఏది ఎక్కడ అన్నది పోయింది. పొద పిగిలి పదకొండూ కిందే ఉండి ఉండొచ్చు. "రెండూ పక్కపక్క పొదల్లోనే" అన్న మీ మొదటి మాట ఆ లిస్టులోంచి పుట్టిందేమో చూసుకోండి.

ఇట్లా చేయండి. చేను అంచు దాటి మొదటి బండ ఎక్కేచోట లిస్టు ముగించి కొత్తది మొదలుపెట్టండి. ఒక్కోటీ కిలోమీటరు లోపు. అందరూ వాడే పెద్ద హాట్‌స్పాట్ పిన్ (పటంలో చోటు గుర్తు) వాడకుండా మీ సొంత పిన్ బండ మీదే పెట్టండి.

నిలకడగా పోల్చాలంటే పాయింట్ కౌంట్, అంటే ఒకే చోట నిలబడి లెక్కపెట్టడం. ఒకదానికొకటి కనీసం 250 మీటర్ల దూరంలో పాయింట్లు ఎంచండి, చిన్న గుట్టకు నాలుగు సరిపోతాయి. పొద్దు పొడిచినప్పటి నుంచి రెండున్నర గంటల్లో ముగించాలి. ఒక్కో చోట చేరాక రెండు నిమిషాలు ఊరికే నిలబడి, తర్వాత 10 నిమిషాలు లెక్క. 50 మీటర్ల లోపలివి, బయటివి వేరువేరుగా రాయండి. 50 మీటర్లు కంటితో చెప్పడం కష్టం, ముందురోజే అడుగులతో కొలిచి నాలుగు వైపులా ఒక్కో గుర్తు చెట్టును పెట్టుకోండి.

కనబడకపోతే సున్నా రాయండి. ఒక్కసారి కనబడనంత మాత్రాన లేదని కాదు. ఉదాహరణకు, పిట్ట ఉన్న చోట ఒక్కో సందర్శనలో దొరికే అవకాశం 40 శాతం అనుకుందాం. మూడుసార్లు వెళ్లినా ఒక్కసారి కూడా దొరకకపోయే అవకాశం 0.6 × 0.6 × 0.6, అంటే దాదాపు 22 శాతం. ఐదుసార్లు వెళితే 8 శాతం లోపు. అందుకే ఒక సీజన్‌లో ఐదు సందర్శనలు లేకుండా "ఈ లోయలో లేదు" అని రాయొద్దు. మన సీమలో కలివి కోడి అనే పిట్టను 1986లో మళ్లీ కనుక్కునేదాకా అంతరించిందనే అందరూ అనుకున్నారు.

హార్స్‌లీ మబ్బు | ఆదివారం, రాత్రి 8:40

రెండూ జంటలుగా తిరుగుతాయి, ఒకటి కనబడగానే రెండు అని రాసే అలవాటు చాలామందికి ఉంది. కనబడినన్నే రాయండి. ఇంకోటి, పడమటి కనుమలకు వెళ్లొచ్చినవాళ్లు పెట్టే పసుపు కనుబొమ్మ బుల్బుల్ ఫొటోలు మన గ్రూపుల్లో కొండ పిగిలి పేరుతో తిరుగుతున్నాయి. దానికి గొంతు నుంచి పొట్ట దాకా మొత్తం పసుపే, రొమ్ము మీద బూడిదరంగు ఉండదు. అది తడి అడవి పిట్ట, మన బండల మీద ఉండదు.

పాకాల పాలపిట్ట | సోమవారం, ఉదయం 7:15

మాస్టారు అన్నది నిజం. నోట్సు తీసి చూస్తే పొద పిగిలి పదకొండులో తొమ్మిది చేల వైపువే.

రివ్యూకు ఈ విధంగా రాశాను, చూసి చెప్పండి:

"మొత్తం 4లో 2 ఖాయం. బండ అంచు నుంచి సుమారు 20 మీటర్లు, 8×42 బైనాక్యులర్. ముఖం మీద గీతలు లేవు, కనుబొమ్మ లేదు. గొంతు పసుపు, రొమ్ము బూడిదరంగు, మధ్య హద్దు స్పష్టం. ఒకటి ఎగిరినప్పుడు తోక కొసలు లేతగా కనబడ్డాయి. చోటు: గుండ్ల మధ్య జువ్వి, ఉదయం 6:50. మిగతా 2 ఎదురెండలో, ముఖం కనబడలేదు, వాటిని జాతి తేలని బుల్బుల్ కిందికి మార్చాను."

మామండూరు మైనా | సోమవారం, ఉదయం 7:32

బాగుంది. ఫొటో కాంతి గురించి ఒక వాక్యం చేర్చండి, "ఉదయపు ఎండ వల్ల రంగు పసుపు వైపు తిరిగింది, గుర్తింపు ముఖం ఆధారంగా చేసినది" అని. ఫొటోలో రంగు దిద్దకండి, దిద్దితే తోక కొసల పసుపు కూడా పోతుంది.

లెక్కల మాస్టారు | సోమవారం, ఉదయం 7:50

నాలుగు పాయింట్లలో ఒకటి లంటానా తీయబోయే లోయలో, ఒకటి ఈ ఏడు ముట్టుకోని లోయలో తప్పకుండా ఉండాలి. పడమటి లోయకు పొద్దున 8 దాకా ఎండ రాదు, నీడలో ముఖం గీతలు కనబడవు. ఆ పాయింటును చివర పెట్టుకోండి.

నగరి నీలి | సోమవారం, ఉదయం 8:05

మాస్టారూ, ప్రతిసారీ చివరే పెడితే ఆ లోయలో పిట్టలు ఎప్పుడూ తక్కువే వస్తాయి కదా, ఎండెక్కినాక అరుపులు తగ్గతాయి?

లెక్కల మాస్టారు | సోమవారం, ఉదయం 8:12

పట్టేశావు. అయితే ఒకసారి అటు నుంచి, ఇంకోసారి ఇటు నుంచి నడవండి. నీడలో ముఖం కనబడనివి ఏ జాతో తేల్చకుండా బుల్బుల్ అని మాత్రం రాయండి.